బెల్టు ఒకరిది, పరీక్ష ఇంకొకరికి

బాక్సింగులో ఒక రూలుంది. గెలిచి ఛాంపియన్ అయినవాడు బెల్టు నడుముకి కట్టుకుని ఇంట్లో కూచుంటానంటే కుదరదు. ఏడాదికోసారి, కొన్ని సంస్థల్లో తొమ్మిది నెలలకోసారి, తన తర్వాత వరసలో మొదట నిలబడ్డ పోటీదారుడితో రింగులోకి దిగి తీరాలి. మధ్యలో తనకిష్టమైనవాళ్లతో, తేలిగ్గా పడగొట్టగలిగినవాళ్లతో ఎన్ని ఆటలైనా ఆడుకోవచ్చు. గడువొచ్చేసరికి మాత్రం ఆ వరసలో ఉన్నవాడితోనే ఆడాలి. ఆడనంటే బెల్టు తీసేసుకుంటారు. దీన్ని మాండేటరీ డిఫెన్స్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే తప్పించుకోడానికి వీల్లేని పోటీ.

బంటుమిల్లిలో ఉండే సాయిబుకి హెవీవెయిట్ బాక్సింగుతో ఏం పని అని మీరడగొచ్చు. నేనెరిగి మా ఊళ్లో బాక్సింగు రింగు లేదు. వరి చేలున్నాయి. చేపల చెరువులున్నాయి, రొయ్యల చెరువులున్నాయి. కాలవుంది. బందరు నించి పెడన మీదుగా వచ్చే బస్సులున్నాయి. కుర్రాళ్లు క్రికెట్టో కబాడీయో ఆడతారు. కానీ మా చిన్నప్పుడు మా వీధిలో మహమ్మద్ అలీ పేరు వినని ముస్లిం ఇల్లు లేదు. 1980 జనవరిలో ఆయన మద్రాసొచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడాడు. మా అబ్బా దర్జీ. పేపర్లో వచ్చిన ఆయన బొమ్మ కత్తిరించి కొట్లో గోడకి అంటించాడు. పక్కన మక్కా క్యాలెండరు. ఆ బొమ్మ కింద కూచుని కాజాలు కుడుతూ విన్న కబుర్లతోనే నాకు ఈ ఆట మీద ఇష్టం మొదలైంది. తర్వాత చదువుకుంటూ పోతే ఆట కన్నా దాని రూళ్లే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. ఎందుకంటే ఆ రూళ్లలో నాకు మా బతుకు కనిపించింది.

గెలిచినవాడు ఎవరితో తలపడాలో గెలిచినవాడే నిర్ణయించుకుంటే ఏమవుతుంది? ఆ ఆట చరిత్రే చెబుతుంది. 1908లో జాక్ జాన్సన్ అనే నల్లజాతి మనిషి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1915లో ఓడిపోయాడు. ఆ తర్వాత 1937లో జో లూయీ వచ్చేదాకా, ఇరవై రెండేళ్లపాటు, ఆ టైటిల్ కోసం ఒక్క నల్లవాణ్ణి కూడా రింగులోకి రానివ్వలేదు. బలం లేక కాదు. హారీ విల్స్ అనే ఆయన ఏళ్ల తరబడి జాక్ డెంప్సీ తలుపు దగ్గర నిలబడ్డాడు. డెంప్సీ తెల్లవాడు, ఛాంపియన్. 1926లో న్యూయార్క్ రాష్ట్ర కమిషన్ వాళ్లు, ముందు విల్స్‌తో ఆడు, ఆ తర్వాతే ఇంకెవరితోనైనా అన్నారు. అప్పుడేం చేశారో తెలుసా? పోటీనే అక్కణ్ణించి ఎత్తేసి ఫిలడెల్ఫియాకి పట్టుకుపోయారు. డెంప్సీ అక్కడ జీన్ టన్నీ అనే మరో తెల్లవాడితో ఆడాడు. విల్స్ టైటిల్ పోటీ చూడకుండానే ముసలివాడైపోయాడు.

ఓడిపోయాడని కాదు నా బాధ. ఓడిపోయే అవకాశం కూడా ఇవ్వలేదు. ఈ తేడా తెలిసినవాళ్లకే తప్పనిసరి పోటీ అనే రూలు విలువ తెలుస్తుంది.

అలాగని రూలుంటే చాలు, న్యాయం జరిగిపోతుందనుకోకండి. రూలు ఎవరి చేతిలో ఉందన్నది ఇంకో సంగతి. 1964 ఫిబ్రవరి 25న ఇరవై రెండేళ్ల కాసియస్ క్లే సోనీ లిస్టన్‌ని ఓడించాడు. మర్నాడే తన మతం సంగతి బయటపెట్టాడు. పది రోజులు తిరక్కుండా మహమ్మద్ అలీ అయ్యాడు. ఆ ఏడే డబ్ల్యూబీఏ అనే సంస్థ ఆయన బెల్టు తీసేసింది. కారణం? ఓడిన లిస్టన్‌తోనే వెంటనే మళ్లీ ఆడటానికి ఒప్పుకున్నాడట, అది రూలుకి విరుద్ధమట. అంతకు ముందు ఏడాదే, 1963లో, ఇదే లిస్టన్ తను ఓడించిన ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌తో వెంటనే మళ్లీ ఆడాడు. అప్పుడు ఎవరి బెల్టూ పోలేదు. రూలు ఒక్కటే. పేరు మారేసరికి దాని పదును మారింది.

అలీ దగ్గర తీసేసిన ఆ డబ్ల్యూబీఏ బెల్టు ఎర్నీ టెరెల్ అనే ఆయనకి దక్కింది. పోటీకి ముందు టెరెల్ ఆయన్ని అలీ అని పిలవలేదు. క్లే అనే పిలిచాడు. 1967 ఫిబ్రవరి 6న హ్యూస్టన్‌లో పదిహేను రౌండ్లు జరిగాయి. కొడుతూ కొడుతూ అలీ ఒకటే ప్రశ్న అడిగాడు, నా పేరేంటి అని. ఆ రోజు అలీ దయ చూపించలేదని, క్రూరంగా ఆడాడని విమర్శించినవాళ్లున్నారు. ఉండొచ్చు. దెబ్బలు తిన్న టెరెల్ కూడా నల్లవాడే. కానీ ఒక మనిషి తన పేరు తను చెప్పుకోడానికి పదిహేను రౌండ్లు కొట్లాడాల్సి రావడం గురించి ఆ విమర్శకులు ఎంత ఆలోచించారో!

ఆ ఏప్రిల్లోనే వియత్నాం యుద్ధానికి పోనన్నందుకు ఆయన బెల్టులన్నీ పోయాయి, ఆడే లైసెన్సూ పోయింది. 1971లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన శిక్ష కొట్టేసింది. మధ్యలో పోయిన మూడున్నరేళ్ల వయసుని ఏ కోర్టు తిరిగిస్తుంది?

పేరు సంగతి నాకు బాగా తెలుసు. ఒకప్పుడు బందరులో ఉద్యోగం దొరికితే అద్దెకి ఇల్లు వెతుక్కున్నాను. నా తెలుగు అందరి తెలుగే. బంటుమిల్లి యాస. నుదుట బొట్టు లేకపోతే ఏం, ఈ రోజుల్లో మగాళ్లెవరు పెట్టుకుంటున్నారు? ఇల్లు చూపించారు, పంపు తిప్పి నీళ్లు చూపించారు, అద్దె మాట్లాడుకున్నాం, మజ్జిగ కూడా ఇచ్చారు. అప్పుడు పేరడిగారు. చెప్పాను. అదే గుమ్మంలో, అదే గ్లాసు చేతిలో ఉండగానే వాళ్ల తమ్ముడు ఆ ఇంట్లోకి వస్తున్నట్టు వాళ్లకి గుర్తొచ్చింది. నన్నెవరూ తిట్టలేదు. కొట్టలేదు. ఇంకో రెండిళ్లల్లో కూడా తమ్ముళ్లే వచ్చారు. విల్స్‌ని కూడా ఎవరూ కొట్టలేదు, పోటీ ఊరు మార్చారంతే.

ఇక్కడ ఒక తిరకాసుంది. ఆలోచించండి. బాక్సింగులో తప్పనిసరి పరీక్ష పైనున్నవాడికి. బెల్టున్నవాడికి. మా విషయంలో అది తలకిందులైంది. మా నడుముకి ఏ బెల్టూ లేదు. కానీ పరీక్షలు మాకే. భారతీయుడు అనే టైటిల్ ఒకటుంది. మిగతావాళ్లకి అది పుట్టుకతో వచ్చింది, జన్మంతా వాళ్లదే, ఒక్కసారి కూడా డిఫెండ్ చేసుకోనక్కర్లేదు. మేం మాత్రం ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ జరిగిన ప్రతిసారీ చేసుకోవాలి. పాకిస్తాన్ వికెట్ పడితే మా చప్పట్లు ఎంత గట్టిగా ఉన్నాయో పక్కనున్నవాడు చూస్తాడు. 1999లో కార్గిల్ వచ్చినప్పుడు చేసుకోవాలి. దేశంలో ఎక్కడ బాంబు పేలినా, చేసినవాడెవడో తెలియక ముందే, మేం ఖండించాలి. ఖండించకపోతే ఎందుకు ఖండించలేదంటారు. ఖండిస్తే మనసులోంచి కాదంటారు. బాక్సర్‌కైతే పోటీకీ పోటీకీ మధ్య నెలలు గడువిస్తారు. దెబ్బలు మానడానికి. గంట కొడతారు. రెఫరీ ఉంటాడు. మాకు గడువు లేదు, గంట లేదు, రెఫరీ లేడు. ఎదురుగా ఎవడొస్తే వాడే ఛాలెంజర్. వాడికి వరస అక్కర్లేదు, అర్హత అక్కర్లేదు.

1992 డిసెంబరు నాకు బాగా గుర్తు. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. 6వ తారీకున అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చేశారు. అబ్బా ఆ వారమంతా కొట్టు సగం తలుపేసుకుని కుట్టాడు. ఎవరూ ఏమీ అనలేదు. కానీ జాకెట్టు కొలతలిచ్చేవాళ్లు కూడా త్వరగా ఇచ్చి వెళ్లిపోతుంటే, అనకపోవడంలో కూడా ఏదో ఉందనిపించేది. సరిగ్గా ఎనిమిది రోజులకి, 14వ తారీకున, లండన్‌లో హెవీవెయిట్ ఛాంపియన్ రిడిక్ బోవ్ తన డబ్ల్యూబీసీ బెల్టు తీసి పత్రికలవాళ్ల ముందు చెత్తబుట్టలో పడేశాడు. తప్పనిసరిగా ఆడాల్సినవాడు లెనాక్స్ లూయిస్. వాడితో ఆ షరతులకి ఆడనన్నాడు. బెల్టు లూయిస్‌కి పోయింది. బోవ్ దగ్గర ఇంకో రెండు బెల్టులు మిగిలాయి. మొన్న 2024లో కూడా అంతే. ఒలెక్సాండర్ ఉసిక్ మే నెలలో నాలుగు బెల్టులూ గెలిచాడు. తప్పనిసరి పోటీ గొడవలో జూన్ దాటకుండానే ఐబీఎఫ్ బెల్టు వదిలేశాడు. ఆయన గొప్ప ఆటగాడు, నేను కాదనను.

నాకు కుట్టేది ఒకటే. ఉన్నవాడు బెల్టుని వదిలెయ్యగలడు, చెత్తబుట్టలో కూడా వెయ్యగలడు. వాడి గౌరవం వాడికే ఉంటుంది. ఈ పోటీ నాకొద్దు, ఈ దేశభక్తి పరీక్ష నేను రాయను అని మాలో ఒకడు అంటే? అన్నరోజే ఓడిపోయినట్టు రాసుకుంటారు.

మీరు ఇదంతా మనసుకి సంబంధించిన బాధ అనుకుంటే చేతికి అందే ఉదాహరణ చెబుతాను. మన రాష్ట్రంలో ముస్లింల రిజర్వేషన్. 2004లో 5 శాతం జీవో వచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, అదీ కొట్టేసింది. 2007లో వెనకబడిన ముస్లిం కులాలకి మాత్రమే, బీసీ ఈ అని, 4 శాతం చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో అదీ కొట్టేశారు. ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబెట్టింది. ఆ నాలుగు శాతంలో మా వీధి పిల్లలు ఇంజినీరింగు చదివారు, ఇద్దరు టీచర్లయ్యారు. ఎన్నికలొస్తే చాలు, దాన్ని తీసేస్తామని ఎవరో ఒకరు మైకు పట్టుకుంటారు. టీచరైనవాళ్లు కూడా ఆ రోజు పేపరు చూసి భయపడతారు. బాక్సింగులో ఒకసారి గెలిస్తే ఏడాదైనా ఊపిరి తీసుకుంటారు.

ఇంకో డిసెంబరు గురించి చెప్పాలి. 2019.

ఆ ఆగస్టు 31న అస్సాంలో పౌరుల జాబితా వచ్చింది. 19 లక్షల పైచిలుకు మంది పేర్లు అందులో లేవు. డిసెంబరు 11న పార్లమెంటు పౌరసత్వ సవరణ బిల్లుని ఆమోదించింది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్ఘనిస్తాన్ నించి వచ్చిన ఆరు మతాలవాళ్లకి పౌరసత్వం. ఆ ఆరింటిలో ఇస్లాం లేదు. దేశమంతా జాబితా వస్తుందన్న మాట అప్పుడు గట్టిగా వినపడింది. మా వీధిలో రేకుపెట్టెలు దిగాయి. మావాళ్లది మొదట దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇల్లు పోయింది, మనుషులు పోయారు, మిగిలినవాళ్లు బంటుమిల్లి చేరారు. ఉప్పెన మతమడగలేదు. సముద్రం తీసుకుపోయిన కాగితాలు ఇప్పుడు ఎక్కణ్ణించి తెస్తాం? ఉన్న కాగితాల్లో అబ్బా ఇంటిపేరు ఒకదాంట్లో షేక్, ఒకదాంట్లో షేఖ్, మూడోదాంట్లో ఎస్.కె. దాదీ పుట్టిన తేదీ ఎక్కడా లేదు. ఆమె పుట్టింది ఫలానా తుపాను తర్వాత వచ్చిన రంజాన్‌కి అని మాత్రం అందరికీ తెలుసు. డెబ్బై దాటిన అబ్బా కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాలు వరసగా పేరుస్తుంటే, ఏ పోటీకి ఈయన్ని సిద్ధం చేస్తున్నారనిపించింది. దేశమంతా ఆ జాబితా రాలేదు. కాగితాలు మాత్రం ఇప్పటికీ మా ఇంట్లో పేర్చే ఉన్నాయి.

అదే నెల 28వ తారీకున ఢిల్లీలో ఒక ముస్లిం తెలుగు పిల్ల రింగులోకి దిగింది. నిఖత్ జరీన్. నిజామాబాదు పిల్ల. 2011లోనే టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్. ఒలింపిక్స్ అర్హత పోటీలకి 51 కిలోల్లో ఎవరు వెళ్లాలన్నది తగువు. ఆ బరువులో మేరీ కోమ్ ఉంది. ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్. ఆ ఆగస్టులో ప్రపంచ పోటీలకి నిఖత్ ఆడాల్సిన ట్రయల్ ఆపేసి మేరీ కోమ్‌ని నేరుగా పంపారు. అర్హత పోటీలకి కూడా అలాగే పంపుతామన్న మాట వచ్చేసరికి అక్టోబరులో నిఖత్ క్రీడల మంత్రికి బహిరంగంగా లేఖ రాసింది. ఆమె సీటు అడగలేదు. దయ అడగలేదు. ట్రయల్ పెట్టండి, గెలిచినవాళ్లని పంపండి అంది. అంతే. ఇది హెవీవెయిట్ బెల్టుల వ్యవహారం కాదు, నిజమే. కానీ విల్స్ అడిగిందీ ఇదే.

ఎంతమంది ఎన్ని మాటలన్నారు! అంత పెద్ద మనిషితో పోటీయా అన్నారు, పొగరన్నారు. చివరికి ట్రయల్ పెట్టారు. మేరీ కోమ్ 9-1తో గెలిచింది. ఆట అయ్యాక ఇద్దరి చేతులూ కలవలేదు. నిఖత్ ఇంటికొచ్చింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ అమ్మాయిని 5-0తో ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మళ్లీ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా అమ్మాయి వూ యూ చేతిలో ఓడింది. ఆ వూ యూనే స్వర్ణం గెలిచింది. గెలుపూ ఓటమీ రెండూ రింగులోనే తేలాయి. నాకు కావలసింది అదే.

ఇక్కడ మేరీ కోమ్‌ని విలన్ చేసి చప్పట్లు కొట్టడం సులువు. నేనా పని చెయ్యను. ఆమె ఎవరు? మణిపూర్లో కోమ్ అనే చిన్న తెగలో పుట్టిన క్రైస్తవ స్త్రీ. ఆమె కూడా అంచు మీంచి వచ్చిందే. ప్రతి మెట్టూ కొట్లాడి ఎక్కిందే. ఇద్దరు అంచుమీది ఆడవాళ్లు ఒకరినొకరు కొట్టుకోవలసిన రింగుని కట్టిందెవరు? ట్రయల్ ఉండాలో వద్దో రోజుకో మాట చెప్పినవాళ్ల ఒంటి మీద ఒక్క దెబ్బా పడలేదు. టెరెల్, అలీ కొట్టుకున్న రాత్రి కూడా బెల్టు తీసేసినవాళ్లు కుర్చీల్లోనే ఉన్నారు. దళితుడికీ సాయిబుకీ, బీసీకీ సాయిబుకీ మధ్య పోటీ పెట్టి స్కోరు రాసుకునేవాళ్లని గుర్తుపట్టాలంటే ఈ సంగతి మర్చిపోకూడదు.

సెక్యులర్ మిత్రులకి ఇదంతా నచ్చుతుందని తెలుసు. కాబట్టి మనవాళ్లకి కూడా ఒక మాట చెప్పాలి. మనలోనూ బెల్టులున్నాయి. ఇరవయ్యేళ్లుగా అవే మొహాలున్న మసీదు కమిటీలు లేవా? లెక్కలడిగిన కుర్రాణ్ణి నమాజు సరిగ్గా చేస్తున్నాడా లేదా అని తిప్పి అడగడం లేదా? దూదేకుల సోదరుల్ని నువ్వు సగం ముస్లింవి అని కలిమా చెప్పించి చూడటం లేదా? వాళ్లకి అక్కడా పరీక్షే, ఇక్కడా పరీక్షే. నిఖత్ నిక్కరేసుకుని ఆడుతోందని మనవాళ్లు నోరు పారేసుకున్న సంగతి ఆమె తండ్రి జమీల్ అహ్మదే చెప్పాడు. ఆయన పట్టించుకోలేదు కాబట్టి ఆమె మిగిలింది. ఆమె ప్రపంచ ఛాంపియన్ అయ్యాక అవే నోళ్లు హమారీ బేటీ అన్నాయి. గెలిచిన బిడ్డే మన బిడ్డ అయితే ఓడిన బిడ్డలు ఎవరి బిడ్డలు? బయటివాళ్లు మనకి పెట్టే పరీక్ష తప్పంటూ, లోపల మన ఆడపిల్లలకి అదే పరీక్ష పెడితే మన మాటకి ఎవరు విలువిస్తారు?

నేనడిగేది పెద్దదేం కాదు. మాకు బెల్టు ఇవ్వమని అడగడం లేదు. గెలిపించమని అసలే అడగడం లేదు. ఇల్లు అద్దెకివ్వడానికి, ఉద్యోగానికి, ఊళ్లో పదవికి, పార్టీ టిక్కెట్టుకి వరస ఒకటుంటే ఆ వరసలో మా వంతు వచ్చినప్పుడు పోటీ జరగాలి. వేదిక ఇంకో ఊరికి మారకూడదు. తమ్ముడు రాకూడదు. ఓడితే ఇంటికెళ్తాం, మళ్లీ సాధన చేసుకుంటాం. ఇక భారతీయుణ్ణా కాదా అన్నది మాత్రం పోటీకి పెట్టే టైటిల్ కాదు. దానికి ఛాలెంజర్లు లేరు, గడువుల్లేవు. దివిసీమ ఉప్పు నేలలో మా తాతల గోరీలున్నాయి, ఈ డెల్టా మట్టి మా నోట్లో తెలుగైంది. ఈ మాట ఇకమీదట నేను రుజువు చెయ్యను. చెబుతానంతే.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. బాక్సింగు ఇష్టం లేదు, లెక్కలిష్టం. మొన్న కాలేజీలో ఎవరో మీది ఏ దేశం అని నవ్వుతూ అడిగారట. ఏం చెప్పావన్నాను. నువ్వేం చెబుతావో ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెబుతానన్నాను అంది.